070ని ఎందుకు అరువివ్వను

ఈ మధ్య ఒక వీడియో నాకు నలుగురు పంపారు. ఒకవైపు జర్మనీ కంపెనీ స్టిల్ వాళ్ళ పాత చైన్‌సా 070, ఇంకోవైపు ఈ కాలపు చైన్‌సా, మధ్యలో దుంగ, పక్కన స్టాప్‌వాచ్. సన్న దుంగ మీద కొత్తది గెలిచింది. లావు దుంగ పెట్టి, పొడుగు బార్ (చైన్ తిరిగే ఇనుప పట్టీ) తగిలించేసరికి పాతది ఎక్కడా తడబడకుండా నిదానంగా దిగిపోయింది, కొత్తదేమో మధ్యలో ఊపిరాడక గుక్కపట్టింది. పంపినవాళ్ళందరి మాటా ఒకటే, అప్పటి ఇనుము వేరండీ, ఇప్పుడొచ్చేవన్నీ ప్లాస్టిక్ డబ్బాలు. నాకు పాత రంపం మిషన్లు బాగుచేసే పిచ్చి ఉందని వాళ్ళకు తెలుసు, చప్పట్లు కొడతాననుకుని ఉంటారు.

నాకు 070 అంటే ఇష్టమే. గుంటూరులో మా పెదనాన్న కలప అడితి మూసేసినప్పుడు తుక్కులోకి పోబోతున్నదాన్ని తెచ్చుకుని షెడ్డులో పెట్టుకున్నాను. 106 సీసీ ఇంజన్. స్టార్టర్ తాడు లాగడానికి బలం కంటే ముందు ధైర్యం కావాలి, ఎందుకంటే సరిగా లాగకపోతే అది తాడుతో పాటు మన వేళ్ళనీ వెనక్కి లాక్కుంటుంది. స్టార్టయ్యాక ఆ శబ్దం వింటే వీధి చివర టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు కూడా తల తిప్పి చూస్తారు. అయినా సరే, దాన్ని కూలికి వెళ్ళే మనిషి చేతిలో పెట్టను, పెట్టమని ఇంకొకరికి చెప్పను. పాత మిషన్లన్నిటినీ ఒకే గాటన కట్టి పొగడటం మీదే నా అభ్యంతరం. 1970లకు అవతలి డిజైన్లు ఒక జాతి, ఇవతలివి ఇంకో జాతి. మొదటి జాతిని బాగుచేసుకుందాం, దాచుకుందాం, ఆదివారం పూట మోగించుకుందాం. రోజంతా పని చేయించాల్సింది మాత్రం రెండో జాతి చేతే.

స్టాప్‌వాచ్ చూపించనిది

లెక్కలు ముందు చెప్పుకుందాం. 070కి బార్, చైన్ లేకుండా ఉత్త ఇంజన్ భాగమే పది కిలోలు దాటుతుంది. శక్తి ఆరున్నర హెచ్‌పీ. స్వీడన్ కంపెనీ హస్క్‌వర్నా వాళ్ళ కొత్త తరం మిషన్ 372 ఎక్స్‌పీ 71 సీసీ, ఆరు కిలోల చిల్లర బరువు, అయిదు హెచ్‌పీకి పైనే ఇస్తుంది. అంటే శక్తిలో తేడా కొంచెమే, మోతలో తేడా నాలుగు కిలోలు. 070 తక్కువ వేగంలో ఎక్కువ లాగుడుతో తిరుగుతుంది, లావు చైన్‌ను లాక్కుపోతుంది, అందుకే ముప్పై ఆరు అంగుళాల బార్ పెట్టి చింతమాను అడ్డంగా కోసేటప్పుడు దానికి తిరుగులేదు. చేవదేరిన నల్లతుమ్మ మీద కూడా అంతే. కొత్తవాటి గొప్ప వేరే చోట ఉంది. వాటి చైన్ సెకనుకు ఇరవై మీటర్లకు పైగా పరిగెడుతుంది, మామిడి కొమ్మలు, సుబాబుల్, సరుగుడు లాంటివి కోసుకుంటూ మనిషి అటూ ఇటూ కదలాల్సిన పనుల్లో ఆ వేగమూ ఆ తేలికతనమూ కలిసొస్తాయి.

మరి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చెట్లు కొట్టేవాళ్ళ పనిలో ముప్పై ఆరు అంగుళాల దుంగ ఎంత? చాలా తక్కువ. ఎక్కువ భాగం కొమ్మలు నరకడం, జామాయిల్, సుబాబుల్ ముక్కలు చేయడం, కరెంటు తీగల మీదికి వాలిన వేపను తీయడం. ఆ పనికి పదమూడు కిలోల మిషన్ పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి లేవడం ఎలా ఉంటుందో వీడియోలో ఆ రెండు నిమిషాల్లో తెలియదు. ఒక దుంగ ఎన్ని సెకన్లలో తెగింది అని కాదు, సాయంత్రం నాలుగింటికి ఆ మనిషి చెయ్యి ఎలా ఉంది అన్నదాన్ని కొలిస్తే ఫలితం వేరేగా వస్తుంది.

ఇంకో మాట. ఈ పోటీల్లో సగం తేడా మిషన్‌ది కాదు, చైన్ పదునుది. పదును ఉంటే పేళ్ళు పడతాయి, మొద్దుబారితే పిండి పడుతుంది. 070 లావు చైన్‌కి 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి, చిన్న రకాలకు 4.8. చాలామంది ఇంట్లో ఏది ఉంటే దానితోనే గీకేసి, కోత వంకర పోతుంటే బార్‌ను తిడతారు. ఇంకా మా దగ్గర రోడ్డు పక్క చెట్టు అంటే మేకుల పుట్ట. ట్యూషన్ బోర్డులు, కాలేజీ అడ్మిషన్ బోర్డులు, పైల్స్ డాక్టరు బోర్డులు, పండగ సీరియల్ లైట్ల తీగలు, అన్నీ బెరడు మింగేసి ఉంటాయి. బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఏ వేపను కోసినా చైన్ పళ్ళు రాలకుండా బయటపడటం అదృష్టమే. అక్కడ పాతదైనా కొత్తదైనా ఒకటే ఏడుపు.

కనపడని దెబ్బ

చైన్‌సా చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది శక్తి పెరగడం కాదు. 1926లో ఆండ్రియాస్ స్టిల్ తయారుచేసిన కరెంటు రంపం 64 కిలోలు, ఇద్దరు మోయాలి. 1959లో వచ్చిన కాంట్రాకి గేర్లు లేవు, ఇంజన్ నేరుగా చైన్‌ను తిప్పుతుంది, 070 ఆ వంశంలోదే. అప్పటిదాకా అందరి ధ్యాసా బరువు తగ్గించడం మీద, బలం పెంచడం మీద. ఆ తర్వాతే మనిషి గురించి ఆలోచించారు. ఇంజన్‌కీ హ్యాండిల్‌కీ మధ్య రబ్బరు మౌంట్లు పెట్టి అదురు తగ్గించడం 1960ల మధ్యలో మొదలైంది, 1970ల మొదట్లో, రంపం ఎగిరిపడితే చైన్‌ను ఆపేసే చైన్ బ్రేక్ వచ్చింది. దీనికి కారణం కంపెనీల దయాగుణం కాదు. అడవుల్లో పని చేసేవాళ్ళ వేళ్ళు తెల్లబడి, మొద్దుబారి, చొక్కా గుండీ పెట్టుకోలేని స్థితికి రావడం. జపాన్‌లో ఈ జబ్బు 1960ల్లో పెద్ద గొడవే అయింది, రోజుకు రెండు గంటలకు మించి చైన్‌సా పట్టుకోకూడదనేదాకా వెళ్ళింది.

ఇక్కడ ఎవరికి చెప్పినా, మావాళ్ళకెవరికీ వేళ్ళు తెల్లబడలేదే అంటారు. నిజమే, తెల్లబడవు. వేళ్ళలో రక్తనాళాలు ముడుచుకుని తెల్లబడటానికి చలి తోడవ్వాలి. మే నెలలో విజయవాడ ఎండలో ఏ వేలు తెల్లబడుతుంది? అందుకని జబ్బు లేదని కాదు, ఆనవాలు లేదు అంతే. నరాల దెబ్బకు చలితో పని లేదు. తిమ్మిర్లు వస్తాయి, రాత్రిళ్ళు చెయ్యి మంట పెడుతుంది, గ్లాసు పట్టు జారుతుంది. మా అడితిలో పనిచేసిన ఒకాయనకు ఈ మూడూ ఉండేవి. ఆయన షుగర్ అనుకున్నాడు, పరీక్ష చేయిస్తే షుగర్ లేదు, బలానికి మాత్రలు ఇచ్చి పంపారు. ఆయన చేతికి వచ్చింది రంపం వల్లే అని నేను డాక్టరులాగా తేల్చి చెప్పలేను. కానీ ఆయన్ని పరీక్షించినవాళ్ళెవరూ నువ్వు ఏం పని చేస్తావయ్యా అని అడగలేదు, అది మాత్రం నాకు తెలుసు.

070 లాంటి గట్టి మిషన్‌లో హ్యాండిల్ నేరుగా బాడీకి బిగించి ఉంటుంది. మనవాళ్ళు మెచ్చుకునే ఆ గట్టిదనమే చేతికి ఎక్కే అదురు. మధ్యలో మెత్తటిది ఏదీ లేదు కాబట్టే చెడిపోయేది కూడా ఏదీ లేదు. మిషన్ నలభై ఏళ్ళు బతికిందంటే ఆ నలభై ఏళ్ళ అదురు ఎక్కడికో పోయి ఉండాలి కదా.

మిచాంగ్ తర్వాత

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ వారం మా వైపు రంపం మిషన్ ఉన్న ప్రతివాడూ దొరబాబే. మా వీధిలో పెద్ద నిద్రగన్నేరు ఒకటి ప్రహరీ మీద పడింది. పక్కింటాయన పనివాణ్ణి మాట్లాడి తెచ్చి, అతని మిషన్ చిన్నదని, నా దగ్గరకొచ్చారు. "షెడ్డులో అంత మిషన్ పెట్టుకుని ఇవ్వనంటారేంటండీ, ఏమన్నా అరిగిపోతుందా?" అన్నారు. ఇవ్వను అన్నాను. నేనే వచ్చి కోస్తానన్నాను, ఆయనకు అది నచ్చలేదు, మిషన్ మీద అంత మమకారమా అన్నట్టు చూశారు. ఇప్పటికీ ఆ ఇంటి అరుగు మీద నేను పిసినారినే.

తుపానుకు పడిన చెట్టు మామూలు చెట్టు కాదు. దాని కొమ్మలు బరువు కింద వంగి, లోపల బిగుసుకుని ఉంటాయి, ఏ వైపు కోస్తే ఏ వైపు ఎగురుతుందో తెలియదు. బార్ ముక్కు పైభాగం ఇంకో కొమ్మకు తగిలిందంటే రంపం మొత్తం ఎగిరి మనిషి ముఖం మీదికి వస్తుంది. అది కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది, చెయ్యి స్పందించే లోపలే. చైన్ బ్రేక్ ఉన్న మిషన్‌లో ఆ విసురుకే బ్రేక్ పడి చైన్ ఆగుతుంది. 070కి అది లేదు. మిషన్ ఎవరిదైనా, దాని అలవాటు లేనివాడి చేతిలో, అలాంటి చెట్టు దగ్గర పెట్టడం నాకు చేతకాలేదు.

ఇక్కడే నా వాదన కాస్త ఇరుకున పడుతుంది. నేను ఇవ్వకపోతే అతను ఏం చేశాడు? తన సొంత మిషన్‌తోనే కోశాడు. ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వేలకు దొరికే 58 సీసీ రకం, పేరూ ఊరూ లేనిది. దానికి చైన్ బ్రేక్ ఉంది, అంటే ఉండాల్సిన చోటు ఉంది. ముందున్న ప్లాస్టిక్ గార్డు అడ్డొస్తోందని ఎప్పుడో పీకేశాడు. కాళ్ళకు చెప్పులు, లుంగీ మడత. అరుగు మీద నిలబడి చూస్తున్న నాకు, నేను కాపాడింది ఎవరిని అనే అనుమానం వచ్చింది. అతను కొనగలిగిన కొత్తదానికీ నా పాతదానికీ మధ్య తేడా, నేను చెప్పుకున్నంత పెద్దది కాదు ఆ రోజు. మంచి కొత్త మిషన్ ధర అతను కొన్నదాని ధరకు ఎన్నో రెట్లు. "కొత్తది కొనుక్కో" అని చెప్పడం నాకు తేలిక, నెల జీతం వస్తుంది.

రక్షణ బట్టల సంగతీ అంతే. చైన్ తగిలితే దారాలు బయటికొచ్చి చుట్టుకుని ఆపేసే ప్యాంట్లు ఉంటాయి, నిజంగా కాళ్ళు కాపాడతాయి. నలభై అయిదు డిగ్రీల్లో దాన్ని తొడుక్కుని పని చేయమంటే వడదెబ్బతో పడిపోతాడు. ఆ బట్టలు తయారైంది చలిదేశాల కోసం. కనీసం బూట్లు, చెవులకు అడ్డు, కళ్ళకు జాలీ అయినా ఉంటే చాలనే దగ్గర నేను ఆగిపోయాను, అంతకు మించి అడగడానికి నోరు రాదు.

ఆటోనగర్లో నేర్చుకున్నది

పాతవాటి వైపు వాదించేవాళ్ళ దగ్గర ఒక బలమైన మాట ఉంది, బాగుచేసుకోవచ్చు అన్నది. దీన్ని నేను కొట్టిపారేయను, ఎందుకంటే నా ఆదివారాలన్నీ అందులోనే పోతాయి. పాత మిషన్లో ప్లాటినం పాయింట్లు శుభ్రం చేసి, సందు సరిచేసి, కండెన్సర్ మారిస్తే నిప్పు వస్తుంది. కార్బొరేటర్ విప్పి డయాఫ్రమ్ మారిస్తే పెట్రోలు వస్తుంది. ఈ రెండూ ఉంటే ఇంజన్ మాట వినకుండా ఎక్కడికి పోతుంది? కొత్త ఖరీదైన రకాల్లో కార్బొరేటర్‌ను లోపలి కంప్యూటరే సరిచేసుకుంటుంది, అది మొరాయిస్తే ల్యాప్‌టాప్ తగిలించేవాడు కావాలి, అలాంటివాళ్ళు మనకు వీధికొకరు లేరు.

అయితే బాగుచేయడం అంటే మనవాళ్ళు అనుకునేంత సులువూ కాదు. విజయవాడ ఆటోనగర్లో లేత్ పనివాళ్ళు చేయలేనిది లేదు, లారీ ఇంజన్ విప్పి కళ్ళు మూసుకుని బిగిస్తారు. కానీ చైన్‌సా సిలిండర్ తీసుకెళ్తే మొదట అనే మాట, "బోరు కొట్టిద్దాం సార్, ఓవర్‌సైజు పిస్టన్ వేద్దాం." సిలిండర్ లోపలి గోడ తొలిచి వెడల్పు చేయడమన్నమాట. లూనాకి, స్కూటర్‌కి అది కుదురుతుంది, అక్కడ లోపల పోత ఇనుము. చైన్‌సా సిలిండర్ అల్యూమినియంది, లోపల పలచటి క్రోమ్ లేదా నికెల్ పూత. బోరు కొట్టారంటే పూత పోయింది, సిలిండర్ తుక్కే. చాలాసార్లు ఆ పూత బాగానే ఉంటుంది, దాని మీద కరిగిన పిస్టన్ అల్యూమినియం అంటుకుని గీతల్లా కనిపిస్తుందంతే. బాత్రూం కడిగే యాసిడ్ దూదితో జాగ్రత్తగా అద్దితే అల్యూమినియం పొంగి వదిలేస్తుంది, పూత లేని చోట తగలనివ్వకూడదు. ఆ సంగతి చూపించాక అక్కడి ఒక పెద్ద మేస్త్రి నా వైపు చూసిన చూపు నాకు పెద్ద సర్టిఫికెట్.

క్లచ్ దగ్గర ఇంకో తిరకాసు. దాదాపు అన్ని చైన్‌సాలకూ క్లచ్ మర ఎడమవైపుది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మామూలుగా తిప్పి, సుత్తి పెట్టి కొట్టి, క్రాంక్ వంచేసిన మిషన్లు ఆటోనగర్ తుక్కు కొట్లలో బోలెడు. పిస్టన్ కదలకుండా ఆపడానికి ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడు కూరితే చాలు, ఇనుప ముక్క పెట్టారంటే పిస్టన్‌కి చిల్లు.

పిస్టన్ గీతలు పడటానికి అసలు కారణం చాలాసార్లు గాలి లీకు. క్రాంక్ సీళ్ళు ఎండిపోతాయి, కార్బొరేటర్ రబ్బరు పగులుతుంది, లోపలికి అదనపు గాలి వెళ్తుంది, పెట్రోలు పాలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది. టూ స్ట్రోక్‌లో ఆయిలు పెట్రోలుతోనే వస్తుంది కాబట్టి తడి కూడా తగ్గి ఇంజన్ పట్టేస్తుంది. ఉన్నట్టుండి ఇంజన్ తనంతట తాను వేగం పెంచుకుంటోందంటే మిషన్‌కు హుషారొచ్చిందని మురిసిపోకండి, వెంటనే ఆపండి.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 2025 నాటికి బంకుల్లో ఇరవై శాతం కలిపిన పెట్రోలే మామూలైపోయింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగు మీదే నడిపితే మిశ్రమం పలచనవుతుంది, అంటే గాలి లీకు ఉన్నట్టే. తేమ పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. ఇక్కడ పాత మిషన్‌కు ఒక మంచి ఉంది, ఒక చెడు ఉంది. కార్బొరేటర్ మీద రెండు స్క్రూలూ పూర్తిగా తిరుగుతాయి, కాస్త తెరిస్తే సరిపోతుంది. కంప్యూటర్ లేని కొత్త రకాల్లో స్క్రూల మీద ప్లాస్టిక్ టోపీలు బిగించి కొంతవరకే తిరగనిస్తారు. చెడు ఏంటంటే, లోపలి రబ్బరు పెట్రోలులో ఇథనాల్ కలపక ముందుది. నేను పని అవగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్లో ఉన్నది కూడా అయిపోయేదాకా నడిపి ఆపుతాను. మన కృష్ణ ఒడ్డు తేమలో నెలరోజులు వదిలేస్తే తెరిచాక వాసనే చెబుతుంది.

ఇంత చెప్పాక, బాగుచేసుకోగలగడం 070కి ఒక్కదానికే ఉన్న గుణం కాదని గమనించండి. 1980ల హస్క్‌వర్నా 61, 268, 272 కానీ, స్టిల్ 038 కానీ తీసుకోండి. అవీ లోహపు బాడీలే, స్క్రూలు పూర్తిగా తిరుగుతాయి, కంప్యూటర్ లేదు, ఆటోనగర్లో విప్పి బిగించొచ్చు. పైగా పాయింట్ల గొడవ లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. హ్యాండిల్‌కి రబ్బరు మౌంట్లు, ముందు చైన్ బ్రేక్. 61 సీసీ నుంచి 72 దాకా, ఏడు కిలోల లోపే. పాతవాటి మంచి అంతా ఉంది, కొత్తవాటిలో అసలు కావలసిన రెండూ ఉన్నాయి. పాత మిషన్ల అభిమానులు వీటిని పట్టించుకోరు, ఎందుకంటే చూడటానికి ఇవి మరీ పాతగా ఉండవు, శబ్దానికి ఒళ్ళు జలదరించదు, వీడియోకి పనికిరావు.

పెద్దాయన మాట

ఇదంతా పెదకాకాని వైపు ఉండే ఒక పెద్దాయనకు చెప్పాను. ఆయన దశాబ్దాలుగా 070తోనే బతికాడు, ఇప్పటికీ అదే.

"బాబూ, దాని బుద్ధి నాకు తెలుసు, నా బుద్ధి దానికి తెలుసు. ఎప్పుడు దూకుద్దో ముందే తెలిసిపోద్ది. నీ బ్రేకు ఉందని ధీమాగా పట్టుకున్నోడికే తగులుద్ది చూడు."

ఇందులో కొంత నిజం లేకపోలేదు, బ్రేకు ఉంది కదా అని బార్ ముక్కుతో పొడిచేవాళ్ళను చూశాను. కానీ ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. దాని గురించి అడిగితే వయసు అన్నాడు. నేను వాదించలేదు. ఆయన బతికి బట్టకట్టాడు కాబట్టి ఆయన మాట మనకు వినపడుతోంది, ఆయనతో పాటు పని మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్ళ మాట మనకు వినపడదు. ఆయన నైపుణ్యం ఆయనది, దాన్ని చూసి మిషన్ మంచిదనుకోవడం మాత్రం సరికాదు.

అదే పెద్దాయన కొడుకు ఇప్పుడు పనిలోకి దిగాడు. తండ్రి తన 070నే ఇస్తానంటే నేను అడ్డం పడి, తుక్కు కొట్టులో దొరికిన ఒక 268ని బాగుచేసి ఇస్తానని మాటిచ్చాను. సిలిండర్ యాసిడ్‌తో శుభ్రమైంది, సీళ్ళు, పిస్టన్, రింగులు వేశాను, రబ్బరు మౌంట్లు కూడా దొరికాయి. చైన్ బ్రేక్ బ్యాండు, అంటే చైన్‌ను ఆపడానికి బిగుసుకునే పట్టీ, ఇంకా దొరకలేదు, ఎవడో ఎప్పుడో తీసి పారేశాడు. అది లేకపోయినా మిషన్ స్టార్టవుతుంది, కోస్తుంది, కుర్రాడికి ఆ సంగతి తెలుసు. రెండు రోజులకోసారి ఫోన్ చేసి, "అన్నా, బ్యాండు తర్వాత వేద్దువులే, సీజన్ పోద్ది" అంటున్నాడు. బ్యాండు వేసేదాకా ఇవ్వనని చెప్పాను. ఈలోపు వాళ్ళ నాన్న మిషన్‌తోనే పనికి వెళ్తున్నాడని కూడా నాకు తెలుసు.